హీబ్రూ అనే పేరు ఎక్కడిది? మూడు వాదాలు, నాలుగు అక్షరాలు

నమస్కారం. కాగితం, పెన్ను తీసుకోండి. ఇంట్లో తెలుగు బైబిల్ ఉంటే అదీ పక్కన పెట్టుకోండి.

(తెరపై: ఖాళీ గీతల కాగితం)

కుడివైపు నుంచి మొదలుపెట్టి ఎడమకు ఈ నాలుగు హీబ్రూ అక్షరాలు రాయండి: అయిన్, బేత్, రేష్, యోద్. హీబ్రూలో 'హెబ్రీయుడు' అనే మాట ఇదే. బేత్ లోపల చుక్క పెట్టకండి. చుక్క ఉంటే 'బ', లేకపోతే 'వ'. కాబట్టి చదవాల్సింది 'ఇవ్రి' అని. మరి మనం పలికే 'హ' ఏది? ఇందులో లేనే లేదు! అయిన్ గొంతు లోపలి నుంచి పలికే హల్లు, గ్రీకులో దానికి అక్షరం లేదు. అరమాయిక్ మీదుగా గ్రీకులోకి వెళ్లాక 'హెబ్రాయియోస్' అయింది, లాటిన్‌లో 'హెబ్రేయుస్'. మన హెబ్రీ, హీబ్రూ ఆ దారిన వచ్చినవే.

(తెరపై: చివరి యోద్ చుట్టూ సున్నా)

ఇప్పుడు యోద్ చుట్టూ సున్నా చుట్టండి. అది ప్రత్యయం, 'మోయాబీయుడు'లో మనం చేర్చే 'ఈయుడు' లాంటిది. అది తీసేస్తే అయిన్, బేత్, రేష్ మిగులుతాయి. 'అవర్' అంటే దాటాడు. 'ఎవెర్' అంటే అవతలి ఒడ్డు. చిక్కంతా ఇక్కడే ఉంది: నోవహు కొడుకు షేము వంశంలోని ఏబెరు పేరును కూడా హీబ్రూలో 'ఎవెర్' అనే రాస్తారు, అలాగే పలుకుతారు. ఇవ్రి అంటే ఏబెరు వంశస్థుడా, అవతలి ఒడ్డువాడా? వ్యాకరణం రెండింటికీ ఒప్పుకుంటుంది.

ఆదికాండము 10:21 తీయండి. షేమును ఏబెరు కుమారులందరికీ పితరుడని అక్కడ ప్రత్యేకంగా చెప్పారు. వంశవాదానికి బలం అదే. కానీ ఏబెరు కొడుకు యొక్తాను సంతతిలో అరేబియా తెగలూ ఉన్నాయి, వాళ్లను బైబిల్ ఎక్కడా హెబ్రీయులనదు. ఇప్పుడు యెహోషువ 24:2 చూడండి, పితరులు 'నది అద్దరి'న ఉండేవారని ఉంటుంది. అద్దరి అంటే అవతలి ఒడ్డు, నది అంటే యూఫ్రటీసు. 'హెబ్రీయుడు' అన్న మాట మొదట కనిపించే ఆదికాండము 14:13లో పాత గ్రీకు అనువాదం కూడా 'పెరాతేస్' అని, అంటే అవతలి నుంచి వచ్చినవాడని రాసింది. అనువాదకుడి అవగాహన రుజువు కాదనుకోండి. అయినా నా మొగ్గు అద్దరి వైపే.

(తెరపై: మట్టిపలక బొమ్మ)

ఇక మూడో వాదం: హీబ్రూ అనే పేరు 'హబిరు' అనే మాట నుంచి వచ్చిందని. 1887లో ఈజిప్టులోని అమర్నాలో క్రీ.పూ. 14వ శతాబ్దపు మట్టిపలకలు దొరికాయి. వాటిలో యెరూషలేము పాలకుడు అబ్ది హెబా హబిరుల మీద ఫరోకు మొరపెట్టుకున్నాడు. పేరు వినగానే హీబ్రూలే కదా అనిపిస్తుంది, చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఆ పలకల మీది మేకు ఆకారపు లిపి, క్యూనిఫాంలో ఆ మధ్య గుర్తును 'బి' అనీ చదవొచ్చు, 'పి' అనీ చదవొచ్చు. సిరియాలోని పాత నగరం ఉగరిత్ రాతల్లో, ఈజిప్టు రాతల్లో మాత్రం అక్కడ ఉన్నది 'ప'. మన కాగితం మీద ఉన్నది బేత్. పైగా హబిరు ఒక జాతి పేరు కాదు. నిలకడ లేకుండా కిరాయి సైనికులుగానో, కూలీలుగానో, దోపిడీగాళ్లుగానో బతికే గుంపులను అలా పిలిచేవాళ్లు. ముడి ఉందనే పండితులూ ఉన్నారు, కానీ వాళ్లు 'ప'కీ 'బ'కీ ఉన్న తేడాకు జవాబు చెప్పుకోవాలి.

బైబిల్లో ఈ మాట ఎవరి నోట వస్తుందో కూడా గమనించండి. ఈజిప్టు అధికారి పోతీఫరు భార్య, ఫిలిష్తీయులు, ఓడవాళ్లతో మాట్లాడుతున్న యోనా. ఎక్కువగా పరాయివాళ్లు అనే మాట, లేదా పరాయివాళ్లతో చెప్పుకునే మాట.

భాషకు ఈ పేరు పెట్టడం తర్వాతి సంగతి. పాత నిబంధనలో ఆ భాషను యెషయా 19:18 'కనాను భాష' అంటుంది, 2 రాజులు 18:26 'యూదుల భాష' అంటుంది. 'ఇవ్రిత్' అన్న భాష పేరు కోసం అక్కడ వెతక్కండి, దొరకదు.