పీజీ వైఫైలో పోర్ట్ ఓపెన్ అంటున్నారు, ఏం చేయాలి?

యాంకర్: బెంగళూరు తెలుగు శ్రోతలకు నమస్కారం. ఎన్‌మ్యాప్ అనే నెట్‌వర్క్ స్కానింగ్ టూల్‌లో కొత్తగా ఏమొచ్చాయో ఈ రోజు మాట్లాడుకుంటున్నాం. మొదటి కాల్ మారతహళ్ళి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మేం లేడీస్ పీజీ నడుపుతున్నాం. మా దగ్గరుండే సాఫ్ట్‌వేర్ అమ్మాయి నిన్న ల్యాప్‌టాప్‌లో వైఫై స్కాన్ చేసి, "ఆంటీ, రౌటర్‌లో 8291 ఓపెన్‌గా ఉంది, కెమెరాల డబ్బాలో 23 ఓపెన్‌గా ఉంది" అంది. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు. హ్యాక్ అయిపోయినట్టేనా సార్?

నిపుణుడు: కాదమ్మా, స్థిమితంగా ఉండండి. ఆ నంబర్లను పోర్ట్‌లంటారు, నెట్‌వర్క్ నుంచి పరికరంలోకి వచ్చే తలుపుల్లాంటివి. ఓపెన్ అంటే ఆ నంబరు దగ్గర ఏదో ప్రోగ్రామ్ జవాబివ్వడానికి సిద్ధంగా ఉందని, అంతే. ఎవరో లోపలికి వచ్చేశారని కాదు. రౌటర్ మైక్రోటిక్ కంపెనీదా?

శ్రోత: అవునండీ. నెట్ కనెక్షన్ ఇచ్చినబ్బాయే పెట్టి వెళ్లాడు.

నిపుణుడు: అయితే 8291 విన్‌బాక్స్‌ది. మైక్రోటిక్ రౌటర్ సెట్టింగులు మార్చుకోవడానికి వాడే ప్రోగ్రామ్ అది. 2018లో అందులో పెద్ద లోపం బయటపడింది. కంపెనీ సరిచేసింది గానీ, అప్‌డేట్ చేయని రౌటర్లలో అది అలాగే ఉండిపోతుంది. 2025 మేలో వచ్చిన ఎన్‌మ్యాప్ 7.96లో సరిగ్గా ఇందుకు పనికొచ్చే స్క్రిప్ట్, అంటే చిన్న అదనపు ప్రోగ్రామ్, చేర్చారు. పేరు మైక్రోటిక్-రౌటర్‌ఓఎస్-వెర్షన్. విన్‌బాక్స్‌నే అడిగి, రౌటర్‌లో ఏ వెర్షన్ నడుస్తోందో చెబుతుంది. ఆ అమ్మాయితోనే చూపించుకోండి. పాతదైతే అప్‌డేట్ చేయించండి.

నాకు ఎక్కువ బెంగ ఆ 23 గురించేనమ్మా. అది టెల్నెట్, అంటే దూరం నుంచి పరికరంలోకి లాగిన్ అయ్యే పాత పద్ధతి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే లోపలికి దూరి, ప్రపంచమంతా లెక్కలేనన్ని కెమెరాలను, రౌటర్లను చేతిలోకి తీసుకుంది. మీ దగ్గర ఆడపిల్లలు ఉంటున్నారు. ఆ డబ్బా పాస్‌వర్డ్ ఈ రోజే మార్చండి, టెల్నెట్ ఆపించండి. కెమెరాలు అమ్మాయిలు వాడే వైఫైలో కాకుండా వేరే నెట్‌వర్క్‌లో ఉండాలి. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టారేమో కూడా అడగండి. అది ఉంటే బయట ఇంటర్నెట్ నుంచి నేరుగా కెమెరాల దాకా రావచ్చు.

శ్రోత: చేయిస్తాను సార్. మమ్మల్ని అడక్కుండా స్కాన్ చేసింది కదా, అది తప్పు కాదా?

నిపుణుడు: అడిగి చేయాల్సింది. కానీ మంచి కోరే చెప్పిందమ్మా, కోప్పడకండి. ఇకమీద మీరే చేయమన్నట్టు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పండి: అదే విడుదలలో మైక్రోటిక్ యూజర్ పేర్లను ఊహించి చూసే స్క్రిప్ట్ కూడా ఉంది. దాన్ని వేరేవాళ్ల రౌటర్ మీద ప్రయోగించకూడదు. అనుమతి లేకుండా, దురుద్దేశంతో ఇంకొకరి నెట్‌వర్క్‌లో దూరితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు పడొచ్చు.

యాంకర్: వైట్‌ఫీల్డ్ నుంచి మరొకరు లైన్‌లో ఉన్నారు.

శ్రోత: సార్, నేను ఆఫీసు నెట్‌వర్క్ చూస్తాను. మా సర్వర్ పేర్ల లిస్టు చాలా పెద్దది. స్కాన్ మొదలయ్యేలోపే బోలెడు టైమ్ పోతోంది. ఎన్‌మ్యాప్ వెర్షన్ మారిస్తే ఉపయోగం ఉంటుందా?

నిపుణుడు: పేర్లతో ఇస్తున్నారు కాబట్టి తప్పకుండా ఉంటుందండీ. ఇదివరకు ఆ పేర్లకు ఐపీలు, అంటే నెట్‌వర్క్‌లో వాటి అంకెల అడ్రస్‌లు, ఒక్కొక్కటిగా వెతికేది. 7.96 నుంచి ఒకేసారి అనేకం వెతుకుతుంది. 10 లక్షల పేర్లకు 49 గంటలు పట్టేది, ఇప్పుడు గంట దాటి కొంచెమేనని తయారుచేసినవాళ్లే ప్రకటించారు. నేరుగా ఐపీలే ఇచ్చేవాళ్లకు ఈ తేడా కనిపించదు.

శ్రోత: రిపోర్టు ప్రతి వారం మొత్తం చదవలేకపోతున్నాం సార్.

నిపుణుడు: స్కాన్ ఫలితాన్ని ఎక్స్ఎంఎల్ అనే ఫైలు రూపంలో సేవ్ చేయండి. అందుకు కమాండ్‌లో హైఫన్, చిన్న ఓ, పెద్ద ఎక్స్, తర్వాత ఫైలు పేరు. ఎన్‌మ్యాప్‌తో పాటే వచ్చే ఎన్‌డిఫ్ అనే టూల్‌కు పోయిన వారం ఫైలు, ఈ వారం ఫైలు ఇస్తే మారినవే చూపిస్తుంది. కొత్తగా తెరుచుకున్న పోర్ట్ ఏదైనా ఉంటే, ముందు ఆ సర్వర్ చూసుకునేవాళ్లకు ఫోన్ చేయండి.

యాంకర్: లైన్‌లోనే ఉండండి, చిన్న విరామం తర్వాత మాట్లాడదాం.