ప్రీ లాంచ్ ఫ్లాట్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు

నమస్కారం. హైదరాబాద్‌లో కోకాపేట, తెల్లాపూర్, కొల్లూరు వైపు ఫ్లాట్ చూడడానికి వెళ్లినవారికి సేల్స్ ఆఫీసుల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఈ ధర ఆదివారం వరకే, మీరు చూసిన యూనిట్‌నే ఇంకొకరు కూడా అడుగుతున్నారు." అది నిజమే కావచ్చు. అయినా చట్టం కొనుగోలుదారుకు ఇచ్చిన రక్షణలో ఎక్కువ భాగం డబ్బు చేతులు మారక ముందే అక్కరకు వస్తుంది కనుక, ఆ తొందరలోనూ చూసుకోవలసినవేమిటో ఈ వీడియోలో వివరిస్తాను.

ముందుగా ప్రీ లాంచ్ సంగతి. అనుమతులు రాకముందే మొత్తం సొమ్ము ఒకేసారి కట్టించుకుని, అందుకు బదులుగా చదరపు అడుగు ధర బాగా తగ్గించి ఇస్తామనే బేరం ఇది. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే 2016 నాటి రెరా చట్టం మూడో సెక్షన్ ప్రకారం, చిన్న నిర్మాణాలను మినహాయిస్తే, రెరాలో నమోదు కాని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వడమూ బుకింగ్ తీసుకోవడమూ నిషిద్ధం. దీన్ని తప్పించుకోవడానికి కొందరు ఫ్లాట్ అన్న మాటే ఎత్తకుండా, భూమిలో అవిభాజ్య వాటాను, అంటే యూడీఎస్‌ను, రిజిస్టర్ చేసి ఇస్తారు. రిజిస్టరైన కాగితం కాబట్టి ధైర్యంగానే ఉంటుంది. కానీ మీ ఫ్లాట్ ఏ అంతస్తులో వస్తుందో, ఎప్పటికి పూర్తవుతుందో, అసలు ఎన్ని అంతస్తులకు అనుమతి దొరుకుతుందో ఆ కాగితం చెప్పదు. అనుమతి రాకపోతే మిగిలేది ఎందరితోనో ఉమ్మడిగా ఉన్న, విడిగా అమ్ముకోవడం దాదాపు అసాధ్యమైన నేల వాటా. ఎంత తగ్గించి ఇచ్చినా ఈ బేరం జీతం మీద బతికే కుటుంబానికి తగదని నా అభిప్రాయం.

ఇప్పుడు తెలంగాణ రెరా వెబ్‌సైట్ తెరవండి. బ్రోచర్‌పై ముద్రించిన నమోదు సంఖ్యను ఇక్కడ వెతికి, సర్వే నంబరు, బ్లాకు పేరు, పూర్తి కావలసిన గడువు మీకు చెప్పినవాటితో సరిపోతున్నాయో లేదో చూడండి. ఒక ఫేజుకు వచ్చిన సంఖ్యను చూపించి పక్క ఫేజులో ఫ్లాట్ అమ్మజూపితే, ఈ పరిశీలనలోనే బయటపడుతుంది.

నమోదైన ప్రాజెక్టులోనైనా, రిజిస్టర్డ్ సేల్ అగ్రిమెంట్ చేయకుండా ఫ్లాట్ ధరలో 10 శాతానికి మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదు. పదమూడో సెక్షన్‌లోని ఈ నియమాన్ని సేల్స్ ఆఫీసులో మర్యాదగా గుర్తుచేసి, ఏం జవాబు వస్తుందో గమనించండి. ఆ జవాబును బట్టే సంస్థ తీరు చాలావరకు అర్థమవుతుంది.

హక్కుపత్రాల పరిశీలన లాయరుకు అప్పగించండి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు, ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆస్తిపై జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలను చూపే ధ్రువపత్రం, ఎలాగూ అడుగుతారు. చాలామంది అడగడం మరిచేది తనఖా సంగతి. ప్లాను మంజూరు చేసేటప్పుడు, నిబంధనల ఉల్లంఘన జరగకుండా హామీగా, నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని బిల్డరు చేత అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెట్టిస్తారు. ఓసీ, అంటే భవనంలో నివాసానికి ఇచ్చే అనుమతి పత్రం, వచ్చాకే దాన్ని విడిపిస్తారు. మీకు చూపించిన ఫ్లాట్ ఆ భాగంలో ఉందేమో ఇప్పుడే తేల్చుకోవాలి. దగ్గరలో చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు), దాని చుట్టూ నిర్మాణాలు చేయకూడని బఫర్ జోన్ హద్దులను కూడా మ్యాపులో చూడాలి. చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024లో కూల్చివేతలు మొదలుపెట్టిన తర్వాత దీని అవసరం వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత పరిశీలనకు వ్యవధి కావాలి, ఆలోగా ఫ్లాట్ చేజారుతుందన్న భయమూ సహజమే. అలాంటప్పుడు చిన్న మొత్తాన్ని టోకెన్‌గా, నగదు రూపంలో కాకుండా బ్యాంకు బదిలీ ద్వారా, ఇవ్వండి. హక్కుపత్రాల్లో లోపం తేలినా, బ్యాంకు రుణం మంజూరు కాకపోయినా ఫలానా తేదీలోగా పూర్తి మొత్తం వాపసు ఇస్తామని రసీదుపైనే రాయించి, సంతకం, ముద్ర వేయించుకోండి. నోటిమాటగా ఒప్పుకుని కాగితం మీద పెట్టడానికి నిరాకరిస్తే, టోకెన్ ఇవ్వకుండానే బయటికి రండి.