ఒక ఎకరం ఎండతో కారు ఎంత దూరం పోతుంది?

[దృశ్యం: పెట్రోల్ బంకు, పంపు మీద 'ఇ20' స్టిక్కర్]

నమస్తే. ఇప్పుడు బంకులో లీటరు పెట్రోల్ కొట్టిస్తే అందులో 200 మిల్లీలీటర్ల దాకా ఇథనాల్ ఉంటోంది. 2014లో అది 2 శాతం కూడా లేదు. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి తీస్తున్నారు. మన పొలంలోనే ఇంధనం పండుతుంటే ఎలక్ట్రిక్ కారు ఎందుకని చాలామంది అడుగుతున్నారు. లెక్క వేసి చూద్దాం రండి.

[దృశ్యం: చెరకు తోట]

ఎకరం చెరకు. దిగుబడి 32 టన్నులు, అంటే దేశ సగటుకు దగ్గర. రసమంతా ఇథనాల్‌కే పంపితే టన్నుకు సుమారు 70 లీటర్లు. మొత్తం 2,240 లీటర్లు. పెట్రోల్‌లో ఉండే శక్తిలో ఇథనాల్‌కు మూడింట రెండొంతులే ఉంటుంది. అందుకని పెట్రోల్‌తో 15 కిలోమీటర్లు తిరిగే కారుకు దీంతో 10 వేసుకుందాం. 22,400 కిలోమీటర్లు.

[దృశ్యం: సోలార్ ప్యానెళ్ల వరసలు, పైనుంచి]

గని, శకునాల గ్రామాల దగ్గర కర్నూలు సోలార్ పార్కు ఉంది. 1,000 మెగావాట్లు, దాదాపు 5,900 ఎకరాలు. మెగావాట్‌కు 6 ఎకరాలు అనుకోండి. ఒక మెగావాట్ ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు ఇస్తుంది, అంటే ఎకరానికి రెండున్నర లక్షలు. లైన్లలో, ఛార్జింగ్‌లో పోయేది ఐదో వంతు తీసేసినా 2 లక్షలు మిగులుతాయి. యూనిట్‌కు 6 కిలోమీటర్ల చొప్పున 12 లక్షల కిలోమీటర్లు!

అదే నేల, అదే ఎండ. 50 రెట్ల తేడా. మొక్క తన మీద పడే ఎండలో ఒకటి రెండు శాతమే దాచుకుంటుంది, ప్యానెల్ 20 శాతం దాకా పడుతుంది. ఆ దాచుకున్నదాన్ని కూడా ఇంజిన్ చాలావరకు వేడిగా వదిలేస్తుంది. పైగా చెరకు నుంచి లీటరు ఇథనాల్ రావాలంటే 2,860 లీటర్ల నీళ్లు కావాలని నీతి ఆయోగ్ లెక్క. బోర్లు ఎండిపోయే చోట ఈ అంకె నన్ను భయపెడుతుంది.

[దృశ్యం: థర్మల్ కేంద్రం]

"మన కరెంటు బొగ్గుదేగా?" నిజమే, ఇప్పటికీ ఎక్కువ భాగం బొగ్గుదే. బ్యాటరీకి కావలసిన లిథియం తవ్వకంతో నష్టమూ ఉంది. కానీ గ్రిడ్‌లో సోలార్ పెరిగేకొద్దీ ఈరోజు కొన్న కారే రేపు ఇంకా తక్కువ బొగ్గుతో నడుస్తుంది. వీలైతే సోలార్ కరెంటు వచ్చే పగటిపూట ఛార్జింగ్ పెట్టండి.

అలాగని ఇథనాల్ వద్దనను. మిల్లులకు ఆ ఆదాయం వస్తే చెరకు రైతుకు బకాయిలు త్వరగా అందే అవకాశం ఉంది. చక్కెర తీశాక మిగిలే మొలాసిస్‌తోనో, వరి గడ్డితోనో చేస్తే అదనంగా ఎకరం భూమి అక్కర్లేదు.

[దృశ్యం: పొలంలో గడ్డి మోపులు]

హర్యానాలోని పానిపట్‌లో 2022లో ప్రారంభమైన ప్లాంటు ఆ గడ్డి నుంచే ఇథనాల్ తీయడానికి కట్టింది. చలికాలం ముందు అక్కడి పొలాల్లో తగలబెట్టేది ఆ గడ్డినే.