మూడు వందల ఎంబీపీఎస్ ఉన్నా ఆట ఎందుకు ఆగుతోంది?

సభకు నమస్కారం. సంక్షేమ సంఘం అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, ఈ ఎండల్లో సెల్లార్‌లో కుర్చీలు వేయించి కూలర్లు పెట్టించిన మేనేజర్ గారికి ధన్యవాదాలు. శాలువా వద్దని ముందే చెప్పాను. అయినా తెచ్చారు, మే నెలలో కప్పుకున్నాను. ఇంట్లో కంప్యూటర్ మీద పదిమందితో కలిసి ఆడే ఆటలకు రూటర్‌ను ఎలా సిద్ధం చేసుకోవాలో పిల్లలకు చెప్పమన్నారు. చెబుతాను. నాదొక గోడు కూడా ఉంది. అది మధ్యలో దూరుతుంది, ఓర్చుకోండి.

ఆట నడవడానికి పెద్ద ప్లాను అక్కరలేదు. చాలా ఆటలకు ఒకటి రెండు ఎంబీపీఎస్ సరిపోతుంది. అసలు చూడవలసింది పింగ్. మీరు మీట నొక్కిన సంగతి సర్వర్‌కు, అంటే ఆటను నడిపించే దూరపు కంప్యూటర్‌కు చేరి, జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం అది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సింగపూర్ మనకు 3,300 కిలోమీటర్ల దూరం. రానూ పోనూ 33 మిల్లీసెకన్లు కాంతికే ఖర్చు, మీరు నెలకు ఎంత కట్టినా సరే. కాబట్టి ఆటలో ముంబై సర్వర్ ఉంటే ముంబై ఎంచుకోండి.

రూటర్‌ను చెప్పుల స్టాండు పక్కన పెట్టి, రెండు గోడల అవతల పడకగదిలో ఆడుతూ వైఫైని తిట్టకండి. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు మూడే: 1, 6, 11. మన బ్లాకులో ఎన్ని రూటర్లు ఉన్నాయో లెక్కపెట్టుకోండి. 5 గిగాహెర్ట్జ్ మెరుగే గాని గోడ దాటడం దానికి కష్టం. రూటర్ నుంచి కంప్యూటర్‌కు ఒక క్యాట్ 5ఈ రకం నెట్ కేబుల్ లాగితే ఈ గొడవే లేదు, వంద మీటర్ల వరకు నిక్షేపంగా పనిచేస్తుంది. గోడకు తీగ కనిపిస్తే బాగుండదని తల్లులు అంటారు. అమ్మా, ఆ ఒక్క తీగను క్షమించండి.

ఇంకొకటి. నాన్నగారు పెళ్లి వీడియో అప్‌లోడ్ చేస్తుంటే పక్కగదిలో ఆట మొరాయిస్తుంది. రూటర్ పంపలేనంత సమాచారాన్ని తన దగ్గర వరుసలో నిలబెడుతుంది, ఆ వరుస చివర మీ ఆట ఉంటుంది. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. రూటర్‌లో ఈ వరుసను అదుపు చేసే క్యూఓఎస్ గాని ఎస్‌క్యూఎం గాని ఉంటే తెరిచి, అప్‌లోడ్‌ను కొలిచిన వేగంలో తొంభై శాతం దగ్గర కట్టడి చేయండి. కంపెనీలు ఊరికే ఇచ్చే రూటర్లలో చాలావాటికి ఆ సదుపాయం ఉండదు.

ఇక నా గోడు. మా మేనల్లుడు తన స్నేహితుల కోసం ఇంట్లోనే మైన్‌క్రాఫ్ట్ అనే ఆటకు (జావా రకానికి) సర్వర్ పెట్టాడు. కంప్యూటర్‌కు స్థిరమైన లోపలి చిరునామా ఇచ్చాం, బయటివారిని ఆపే ఫైర్‌వాల్‌లో అనుమతి ఇచ్చాం, రూటర్‌లో ఆ ఆట వాడే తలుపు నంబరును, అంటే 25565 పోర్ట్‌ను దానివైపు మళ్లించాం. అన్నీ సక్రమమే. బయటివాడు ఒక్కడూ లోపలికి రాలేడు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, "సార్, రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి." చేశాం. మళ్లీ అదే మాట. ఇంటికి వచ్చిన అబ్బాయి స్పీడ్ టెస్ట్ చూపించి, "ఫుల్ వస్తోంది కదా సార్" అని వెళ్లిపోయాడు. ఎన్నో ఫోన్ల తరువాత ఎవరో ఒకాయన నోరు జారాడు: మా ఇంటికి సొంత ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో చిరునామా, లేదు! సీజీనాట్ అంటారు. ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతారు. కొరియర్ అబ్బాయి చేతిలోని కవరు మీద మన బిల్డింగ్ పేరే ఉండి ఫ్లాట్ నంబరు లేకపోతే, వాచ్‌మన్ ఏం చేస్తాడు చెప్పండి?

పంచుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఐపీవీ4 అనే పాత పద్ధతి చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లే. మన ఆసియా ప్రాంతపు మామూలు నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అయిపోయింది. పంచుతున్నామని అమ్మేటప్పుడు చెప్పకపోవడమే నాకు మంట.

వెనుక వరుసలో ఫోన్ చూస్తున్న బాబూ, నీతోనే! ఇంటికి వెళ్లి రూటర్ పేజీలో వాన్ ఐపీ, అంటే రూటర్‌కు కంపెనీ ఇచ్చిన బయటి చిరునామా, చూడు. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే నీదీ మా మేనల్లుడి కథే. చిరునామాల కొరత లేని కొత్త పద్ధతి, ఐపీవీ6, ఉందేమో కూడా చూడు, ఉంటే ఒక దారి ఉన్నట్టే. పరికరాలే రూటర్‌లో పోర్టులు తెరుచుకునే యూపీఎన్‌పీ సదుపాయం ఆన్ చేస్తే చాలని ఎవరైనా చెబితే నమ్మకు. సీజీనాట్ ముందు అదీ పనిచేయదు, పైగా ఇంట్లోని ప్రతి పరికరమూ అడగకుండా తలుపు తెరుచుకుంటుంది.

పెద్దలకు ఒక మనవి. మన భవనంలో ఫైబర్ లాగడానికి ఏ కంపెనీ అయినా సంఘం అనుమతి తీసుకోవాలి కదా. ఆ అనుమతి పత్రంలో రెండు వాక్యాలు చేర్పించండి: చిరునామా సొంతమా, పంచినదా అన్నది ప్లాను కాగితం మీద రాయాలి, అడిగినవారికి స్థిర ఐపీని, అంటే మారని సొంత చిరునామాను, ఏ ధరకు ఇస్తారో ముందే చెప్పాలి. ముసాయిదా రాసి తెచ్చాను, కార్యదర్శి గారి చేతికి ఇస్తున్నాను. చదివి, ఈ సభలోనే చేతులెత్తించండి.