కొవ్వొత్తి ఆరిపోయాక నీళ్లు ఎందుకు పైకెక్కాయి? చిన్న పిల్లల సైన్స్ వర్క్‌షాపు నడిపే పద్ధతి

[దృశ్యం: ప్రాథమిక పాఠశాల వరండా. నేల మీద స్టీలు పళ్లెం. అందులో ఎర్ర సిరా కలిపిన నీళ్లు, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తి. చుట్టూ నాలుగో తరగతి పిల్లలు. గాజు గ్లాసును బోర్లించబోయిన ఒక చేయి మధ్యలో ఆగిపోతుంది.]

వ్యాఖ్యాత: గ్లాసు ఇంకా బోర్లించలేదు. ముందు పిల్లలను ఒక మాట అడగాలి. "ఇప్పుడు ఏం జరుగుతుంది? మీ ఊహ చెప్పండి."

[దృశ్యం: పిల్లల గొంతులు. "దీపం ఆరిపోతుంది." "గ్లాసు పగిలిపోతుంది." "ఏమీ కాదు సార్." ఒక అమ్మాయి వాటన్నింటినీ నల్లబల్ల మీద రాస్తోంది.]

వ్యాఖ్యాత: తప్పు ఊహను కూడా రాయాలి. నా అనుభవంలో వర్క్‌షాపు మొత్తానికీ ఇదే ప్రాణం. ఊహ చెప్పిన పిల్లవాడికి ఆ ప్రయోగం సొంతమవుతుంది. తన మాట నిలుస్తుందో లేదో తేల్చుకోవాలని కన్నార్పకుండా చూస్తాడు. ఊహ చెప్పని పిల్లవాడికి అది మనం చూపించే గారడీ, అంతే.

[దృశ్యం: గ్లాసు బోర్లిస్తారు. అంచు దగ్గర రెండు మూడు బుడగలు. మంట సన్నబడి ఆరుతుంది. ఎర్ర నీళ్లు సరసరా గ్లాసులోకి ఎక్కుతాయి. పిల్లల కేకలు.]

వ్యాఖ్యాత: ఇక్కడే చాలామంది పెద్దవాళ్లం తొందరపడతాం. "చూశారా, మంట ఆక్సిజన్‌ను వాడేసుకుంది. ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి. గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ కదా!" అని చెప్పేస్తాం. పిల్లలు తలూపుతారు, పాఠం అయిపోతుంది. చాలా ఏళ్లు నేనూ అలాగే చెప్పాను. ఆ వివరణ సరైనది కాదు.

ఆ సంగతి నాకు పట్టించింది నాలుగో తరగతి అమ్మాయి. "దీపం వెలుగుతున్నప్పుడు నీళ్లు కదల్లేదు కదా సార్, ఆరిపోయాకే ఎందుకు ఎక్కాయి?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. మంట ఆక్సిజన్‌ను వాడుకోవడమే కారణమైతే, అది వెలుగుతున్నంతసేపూ నీళ్లు కొంచెం కొంచెంగా పైకి రావాలి. అలా రాలేదు. ఆరిన తర్వాతే ఒక్కసారిగా ఎక్కాయి. నేను వందసార్లు చూసి వదిలేసిన విషయాన్ని ఆ పిల్ల మొదటిసారే చూసింది.

[దృశ్యం: ఒకే కొలత గ్లాసులు రెండు. ఒక పళ్లెంలో ఒక కొవ్వొత్తి, ఇంకో పళ్లెంలో మూడు.]

వ్యాఖ్యాత: తేల్చుకునే దారి ఆ పళ్లెంలోనే ఉంది. ఒక గ్లాసు కింద ఒక కొవ్వొత్తి, అలాంటిదే మరో గ్లాసు కింద మూడు పెట్టండి. రెండు గ్లాసుల్లోనూ పట్టే గాలి ఒకటే, ఆక్సిజనూ ఒకటే. అయినా మూడు కొవ్వొత్తులున్న గ్లాసులో నీళ్లు ఎక్కువ ఎత్తుకు వెళతాయి. ఎందుకు? మళ్లీ ఊహలు అడగండి, మళ్లీ బల్ల మీద రాయించండి.

తర్వాత మూడో పరీక్ష. ఇందులో మంటే ఉండదు. చేయి పెట్టగలిగినంత వేడి నీళ్లు గ్లాసులో పోసి కాసేపు ఉంచండి. పారబోసిన వెంటనే ఆ గ్లాసును చన్నీళ్ల పళ్లెంలో బోర్లించి, పైనుంచి చన్నీళ్లు చిలకరించండి. కొద్దిగానే అయినా నీళ్లు లోపలికి ఎక్కుతాయి. అక్కడ ఏదీ కాలలేదు, ఆక్సిజన్‌ను వాడుకున్నది ఎవరూ లేరు.

అప్పుడు పిల్లలే వేడి మాట ఎత్తుతారు. కొవ్వొత్తి మీదికి గ్లాసు దించేటప్పుడే లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుంది. కొంత బయటికి పోతుంది. అంచు దగ్గర కనిపించిన బుడగలు అవే. మంట ఆరగానే మిగిలిన గాలి చల్లబడి ముడుచుకుంటుంది. మంటలోంచి పుట్టిన ఆవిరి గ్లాసు గోడలకు చెమటలా పడుతుంది. లోపలి ఒత్తిడి తగ్గేసరికి బయటి గాలి పళ్లెంలోని నీళ్లను లోపలికి నెడుతుంది. ఆక్సిజన్ ఖర్చు కావడం నిజమే, కానీ దాని స్థానంలో కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది కాబట్టి నీళ్లు ఎక్కడంలో దాని వంతు చిన్నది. పెద్ద వంతు వేడిది.

ఇదంతా పిల్లలకు ఒకేసారి చెప్పనక్కర్లేదు. మూడు పరీక్షలు చేసి, "వేడి గాలి ఉబ్బుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది" అని తమ మాటల్లో తామే అనగలిగితే ఆ రోజుకు అది చాలు.

[తెర మీద అక్షరాలు: ఊహ – పని – మళ్లీ ప్రశ్న]

వ్యాఖ్యాత: ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, ఇప్పుడు దాని పేరు నర్మదాపురం, 16 గ్రామీణ మాధ్యమిక పాఠశాలల్లో ఒక విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు దాన్ని తలకెత్తుకున్నాయి. విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వచ్చి ఊరి ఉపాధ్యాయులతో కలిసి కూర్చున్నారు. పిల్లలు ప్రయోగం చేసి, చూసింది రాసుకుని, దాని మీద వాదించుకునేవారు. పరీక్షలో పుస్తకం తెరిచి రాయవచ్చు. చూసి రాసినా పనికిరాదు, ఎందుకంటే అడిగేది ఆలోచనను. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఈ పనిని వందల పాఠశాలలకు విస్తరించింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపేసింది. 30 ఏళ్ల పని అలా ఆగిపోవడం నాకు ఈనాటికీ బాధగానే ఉంటుంది. అందులోంచి పుట్టిన ఆటబొమ్మలు మాత్రం దేశమంతా తిరుగుతున్నాయి.

[దృశ్యం: అగ్గిపుల్లలు, నల్లటి సన్నటి రబ్బరు గొట్టం ముక్కలు. పిల్లల వేళ్లు వాటిని కలుపుతున్నాయి.]

వ్యాఖ్యాత: వాటిలో ఒకటి ఇది. కాన్పూర్ ఐఐటీలో చదివి, పుణెలో లారీలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుగా ఉన్న అరవింద్ గుప్తా 1978లో ఏడాది సెలవు పెట్టి హోషంగాబాద్ వచ్చారు. ఊరి సంతలో దొరికే సరుకులతో ఏం చేయవచ్చా అని వెతికారు. సైకిల్ వాల్వు గొట్టం దొరికింది. దాని ముక్కలో అగ్గిపుల్ల సరిగ్గా పడుతుంది. గొట్టం కీలు అయింది, పుల్ల కడ్డీ అయింది. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మూడో తరగతి పిల్లలకు మొదటి పని ఇదే ఇవ్వండి. పుల్లల మందు ముందే మీరు గీకేయండి. మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగు పుల్లలతో చతురస్రం చేయించండి. వేలితో పక్కకు నెట్టమనండి. చతురస్రం ఒరిగిపోతుంది. త్రిభుజం కదలదు. "చతురస్రాన్ని ఒరగకుండా చేయగలరా?" అని అడిగి ఊరుకోండి. నిజంగానే ఊరుకోవాలి. ఆ నిశ్శబ్దాన్ని భరించడం ఉపాధ్యాయుడికి చాలా కష్టమైన పని. కాసేపటికి ఎవరో ఒకరు మూల నుంచి మూలకు ఇంకో పుల్ల వేస్తారు. ఆ పుల్ల కొంచెం పొడుగ్గా ఉండాలని కూడా వాళ్లే కనుక్కుంటారు, చీపురు పుల్ల విరిచి తెచ్చుకుంటారు.

[దృశ్యం: రేకుల షెడ్డు లోపలి ఇనుప చట్రం. పొలాల మీద హైటెన్షన్ స్తంభం. రాజమండ్రి దగ్గర గోదావరి మీద పైన రోడ్డు, కింద రైలు ఉన్న వంతెన.]

వ్యాఖ్యాత: ఆ తర్వాత బడి బయటికి తీసుకెళ్లి త్రిభుజాలు లెక్కపెట్టమనండి. రేకుల షెడ్డులో ఉంటాయి, పొలం మీది కరెంటు టవర్లో ఉంటాయి. 1974 నుంచి గోదావరి మీద రైళ్లను మోస్తున్న రాజమండ్రి రోడ్డు-రైలు వంతెన నిండా ఉంటాయి. రైల్లో ఆ వంతెన దాటిన పిల్లలు ఆ ఇనుప కడ్డీలను ఇకమీద ఊరికే చూడరు.

[దృశ్యం: మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన పొలం మోటారు, నేల మీద రాగి తీగ చుట్టలు.]

వ్యాఖ్యాత: నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఇంకో మెట్టు. పొలం మోటారు కాలిపోతే నాన్న దాన్ని ఎక్కడికి తీసుకెళతాడో మన పిల్లల్లో చాలామందికి తెలుసు. ఆ వైండింగ్ షాపుకే వెళ్లి పూత ఉన్న సన్నటి రాగి తీగ అడగండి. ఒక్కో మోటారుకు మీటరున్నర చాలు. ఇంకా కావలసినవి టార్చిలైటులో వేసే పెద్ద సెల్లు ఒకటి, పిన్నీసులు రెండు, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన వెడల్పాటి రబ్బరు పట్టీ.

[దృశ్యం: దగ్గరగా చేతులు. సెల్లు చుట్టూ తీగ పది చుట్లు తిరుగుతుంది.]

వ్యాఖ్యాత: సెల్లు చుట్టూ తీగను పది చుట్లు చుట్టి, జారకుండా బయటికి తీయాలి. రెండు చివరలూ ఎదురెదురుగా ఇరుసులా పొడుచుకు రావాలి. పిన్నీసులను సెల్లు రెండు కొసలకూ రబ్బరు పట్టీతో బిగించాలి, వాటి కళ్లు, అంటే తీగ మెలికపడిన గుండ్రటి రంధ్రాలు, పైకి ఉండాలి. సెల్లు మీద అయస్కాంతం. కళ్లలో ఇరుసు.

ఇక గీకడం. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఒక చివర పూతను ఉప్పు కాగితంతో చుట్టూ శుభ్రంగా గీకేయాలి. రెండో చివర మాత్రం చుట్టను నిలువుగా పట్టుకుని కింది సగమే గీకాలి. పై సగం పూత అలాగే ఉండాలి.

ఎందుకు? కరెంటు పారుతున్నప్పుడు తీగ చుట్ట కూడా అయస్కాంతంలా మారి, సెల్లు మీదున్న అయస్కాంతం వల్ల తిరగబోతుంది. సగం చుట్టు తిరిగాక అదే కరెంటు దాన్ని వెనక్కి లాగుతుంది. అప్పుడు కరెంటు ఆగిపోతే వెనక్కి లాగేవాళ్లు ఉండరు. వచ్చిన ఊపుతోనే మిగతా సగం తిరిగేస్తుంది. ఊయలను ఊపేటప్పుడు మనవైపు వస్తుండగా నెట్టం కదా, వదిలేస్తాం. మళ్లీ అటు పోతున్నప్పుడు నెడతాం. ఇదీ అంతే. గీకని ఆ సగమే వదిలేసే క్షణం.

[దృశ్యం: చుట్ట కదలదు. పిల్లల ముఖాలు చిన్నబోతాయి. ఒక అబ్బాయి ఇరుసును కంటికి ఎదురుగా పట్టుకుని చూస్తాడు.]

వ్యాఖ్యాత: మొదటిసారే తిరిగే మోటార్లు తక్కువ. దీనికి సమయం ముందే కేటాయించుకోండి. మీరు చేతిలోకి తీసుకుని సరిచేసి ఇవ్వకండి. మీరు సరిచేస్తే అది మీ మోటారు. ప్రశ్నలు మాత్రమే వేయండి. ఇరుసు నిటారుగా ఉందా? చుట్ట ఒకవైపు బరువుగా వేలాడుతోందా? పూత నిజంగా పోయిందా, ఎర్రటి మెరుపు కనిపిస్తోందా? వేలితో ఒక్కసారి మెల్లగా తిప్పి చూశావా? మరమ్మతులో పిల్లలు నేర్చుకున్నంత, ఒక్కసారికే తిరిగిన మోటారుతో నేర్చుకోలేరు.

ఒక జాగ్రత్త. చుట్ట తిరగకుండా ఆగితే సెల్లు, తీగ వేడెక్కుతాయి. వెంటనే ఇరుసు తీసేయమని ముందే చెప్పాలి. ఫోన్ల బ్యాటరీలు దగ్గరికి రానివ్వకండి. గోడ ప్లగ్గు జోలికి పోకూడదన్న మాట ప్రతిసారీ, మొదటి నిమిషంలోనే చెప్పండి. కొవ్వొత్తి పనికి జడలు వెనక్కి ముడివేయించి, పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకోండి.

[దృశ్యం: తిరుగుతున్న చుట్ట. గది నిండా అరుపులు.]

వ్యాఖ్యాత: ఇంత చిన్న పిల్లలకు ఇవన్నీ ఎందుకని కొందరు అడుగుతారు. పై తరగతుల వారికి ఏర్పాట్లు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు, అంటే బడిలోనే పిల్లలు పరికరాలతో సొంతంగా వస్తువులు చేసి చూసే గదులు, ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు. హోషంగాబాద్ కార్యక్రమం కూడా ఆరు నుంచి ఎనిమిది తరగతులదే. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఉన్నది పరిసరాల విజ్ఞానం పుస్తకం. ఎనిమిదేళ్ల పిల్లలు రోజంతా "ఎందుకు?" అని అడుగుతూనే ఉంటారు. ఆ వయసు దాటాక చేతికి పరికరాలు ఇస్తున్నాం. కుప్పం దగ్గర గుడివంకలో ప్రాంగణం ఉన్న అగస్త్య ఫౌండేషన్ లాంటి సంస్థలు వ్యాన్లలో ప్రయోగ సామగ్రి వేసుకుని బడులకు వెళుతున్నాయి. ఆ వ్యాను మీ ఊరికి వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

ఒక వర్క్‌షాపుకు రెండు గంటలు. రెండు పనులకు మించి పెట్టకండి. నలుగురికి ఒక జట్టు, జట్టుకు ఒక సామగ్రి పళ్లెం. ఐదుగురైతే ఒకరు చూస్తూ ఉండిపోతారు, ఆ ఒక్కరు చాలాసార్లు ఆడపిల్లే అవుతుంది. కాబట్టి ఉప్పు కాగితం ఎవరి చేతిలో ఉందో గమనించండి, వంతులు మార్పించండి. చేసిన బొమ్మ ఇంటికి పంపండి. అమ్మకు, తాతయ్యకు చూపించి వివరించేటప్పుడు పిల్లలు దాన్ని రెండోసారి నేర్చుకుంటారు. థర్మోకోల్‌తో పెద్దవాళ్లు చేసిపెట్టిన నమూనాను ప్రదర్శనలో బల్ల మీద పెట్టి బట్టీపట్టిన నాలుగు వాక్యాలు అప్పజెప్పడం కంటే, వంకరగా తిరిగే సొంత మోటారు నాకు ఎంతో విలువైనది.

[దృశ్యం: సాయంత్రం. సామాను సర్దుతున్నారు. ఒక అబ్బాయి మోటారును చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.]

అబ్బాయి: సార్, కరెంటు ఇస్తే ఇది తిరిగింది కదా. మనమే దీన్ని తిప్పితే కరెంటు వస్తుందా?

[దృశ్యం: నల్లబల్ల. పొద్దున రాసిన ఊహల కింద ఆ ప్రశ్నను అతని చేతే రాయిస్తారు.]

వ్యాఖ్యాత: వచ్చే వారం పాడైపోయిన బొమ్మకారు లోపలి చిన్న మోటారు ఒకటి, ఎర్ర ఎల్ఈడీ దీపం ఒకటి తెస్తున్నాం. మోటారు ఇరుసుకు దారం చుట్టి గట్టిగా లాగుతాం. దీపం వెలుగుతుందా? ఇటు నుంచి లాగితే వెలిగి, అటు నుంచి లాగితే వెలగకపోవడం జరుగుతుందా? పిల్లల ఊహలు బల్ల మీద ఉన్నాయి. మీ ఊహ కూడా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.