లాల్‌బాగ్‌లో పూల వంతులు

సభకు నమస్కారం.

ఇది ఫిబ్రవరి. బెంగళూరులో పసుపు తబెబుయాలు విరగబూసే రోజులు. ఆకు కనబడదు, చెట్టంతా పువ్వే. ఇవి రాలేసరికి జకరండాల ఊదారంగు వస్తుంది. ఎండలు ముదిరాక గుల్మొహర్లు ఎర్రబడతాయి. ఈ వరస చూసి ప్రకృతి ఎంత చక్కగా అమర్చిందో అనుకుంటాం. ఇవాళ నేను కాదనబోయేది ఆ మాటనే. తబెబుయా, జకరండా అమెరికా ఖండాలవి. గుల్మొహర్ మడగాస్కర్‌ది. ఒకటి రాలేలోగా ఇంకొకటి అందుకునేట్టు మనుషులు కూర్చుని లెక్కవేసి నాటించారు. ఆ లెక్కకు పుట్టిల్లు లాల్‌బాగ్.

తోట మొదలైంది 1760లో, హైదర్ అలీ చేతి మీద. సిరాలోని మొగలాయి తోట చూసి ఇలాంటిది తనకీ కావాలనుకున్నాడంటారు. సిరా ఎక్కడో లేదు, మడకశిర వాళ్లకి పొరుగూరే. అప్పటి తోట 40 ఎకరాలు, ఇప్పుడు 240. టిప్పు దూరదేశాల నుంచి మొక్కలు, విత్తనాలు తెప్పించాడు. ఇంతవరకు అందరూ చెప్పేదే. ఆ మొక్కలకు నీళ్లు పెట్టి బతికించిన తిగళుల గురించి మాత్రం తక్కువగా వింటాం. తరతరాలుగా తోటపనే వృత్తిగా ఉన్నవాళ్లు. చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి మల్లెపూలతో కప్పిన కరగ అనే కుండ నెత్తిన పెట్టుకుని బయల్దేరేది వాళ్లే. నన్నడిగితే లాల్‌బాగ్ చరిత్ర రాజుల పేర్లతో కాకుండా వాళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

1799లో టిప్పు రాజధాని శ్రీరంగపట్నం పడిపోయాక తోట ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. దాన్ని చూసుకోవడానికి వచ్చిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైన్. ఆయన అంతకుముందు పనిచేసింది మన సామర్లకోటలో. అక్కడ కంపెనీ తోటను నడిపిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్తే, ఆ బాధ్యత హైన్‌కి వచ్చింది. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు ఈ సభలో చాలామందే ఉన్నారు. మీకంటే రెండు వందల ఏళ్లు ముందే సామర్లకోట నుంచి ఒకాయన బెంగళూరు ఉద్యోగానికి వచ్చాడన్నమాట!

1856లో ఇది ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానవనం అయింది. 1874 తర్వాత జాన్ కామెరాన్ హయాంలో బయటి కూరలు, పళ్లు, వాణిజ్య పంటలు ఇక్కడ నాటి చూశారు. మనం పప్పులో వేసుకునే బెంగళూరు వంకాయ ఈ దారినే వచ్చింది. గాజుమేడకు పునాదిరాయి పడింది 1889 నవంబర్ 30న. దాని గురించి మీకు గైడ్లు చెప్తారు, నేను వదిలేస్తున్నాను.

అసలు మనిషి దగ్గరికి వద్దాం. గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్, జర్మన్. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న వృక్షశాస్త్ర తోటల్లో పనిచేసి, 1893లో బరోడా గైక్వాడ్ కొలువుకు వచ్చాడు. 1908లో మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడయార్ ఆయన్ని ఇక్కడికి రప్పించాడు. 1932 దాకా లాల్‌బాగ్ ఆయన చేతిలోనే ఉంది. నగరంలో ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట చెట్టు పూసి ఉండాలన్నది ఆయన పట్టు. ఏ చెట్టు ఏ నెలలో ఆకు రాలుస్తుంది, మొగ్గ ఎప్పుడు, ఎన్నాళ్లు నిలుస్తుంది, ఇవన్నీ తెలిస్తే తప్ప అది కుదరదు. పైగా రోడ్డు పక్క చెట్టు నీడనిచ్చేంత అవ్వాలంటే ఇరవై ముప్ఫై ఏళ్లు. నాటించినవాడు రిటైరయ్యాక పూసే చెట్లకి ప్లాన్ వేయడం అది. ఆయన తర్వాత జవరాయ, మరిగౌడ అదే దారిలో నడిపించారు. క్రుంబీగల్ 1956లో ఈ ఊళ్లోనే కన్నుమూశాడు.

ఆయన చొరవతోనే 1912లో మైసూరు ఉద్యాన సంఘం కూడా ఏర్పడింది. గణతంత్ర దినానికి, స్వాతంత్ర్య దినోత్సవానికి జరిగే ఫ్లవర్ షోలు అందరికీ తెలిసినవే. పిల్లలకు సరదాగా ఉంటుంది, కాదనను. కానీ ఆ వారం పార్కింగ్ టెన్షన్, తోపులాట, కోసి తెచ్చిన పూలతో కట్టిన బొమ్మలు... నాకైతే షో ముగిశాక ఒక మామూలు మంగళవారం పొద్దున్నే లాల్‌బాగ్ బాగుంటుంది. కెంపేగౌడ గోపురం ఉన్న బండెక్కండి. ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. అక్కడి నుంచి ఏ దిక్కున ఏ రంగు పూసిందో తెలిసిపోతుంది. కార్తీకంలో, బసవనగుడి వేరుసెనక్కాయల తిరునాళ్ల రోజుల్లో వస్తే ఆకాశమల్లె రాలి నేలంతా తెల్లగా ఉంటుంది, వాసన కూడా బోనస్.

ఇక నా గొడవ ఒకటుంది. ఏటా తొలకరి గాలివానలకి ఊళ్లో గుల్మొహర్లు కూలుతుంటాయి. మెత్తటి కర్ర, లోతుకు దిగని వేర్లు. పైగా మనం వాటి మొదళ్ల దాకా సిమెంటు పోశాం. పడ్డ చోట ఏం నాటాలన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మళ్లీ తబెబుయానే తెస్తున్నారు, త్వరగా పూస్తుంది, ఫొటోకి బాగుంటుంది కాబట్టి. క్రుంబీగల్ లెక్కని మన చెట్లతో కూడా వేయొచ్చు కదా? మాఘ ఫాల్గుణాల్లో మోదుగ, ఎండల్లో రేల, వానాకాలం రాగానే కడిమి. మూడూ లాల్‌బాగ్‌లో చూడొచ్చు. మోదుగ ఎదగడానికి చాలా ఏళ్లు పడుతుంది, నిజమే. కానీ క్రుంబీగల్ తొందరపడి ఉంటే ఈ ఫిబ్రవరి మనకి ఇలా ఉండేది కాదు. మీలో ఎవరైనా కాలనీ సంఘాల్లో ఉంటే, ఈ జూన్‌లో మొక్కల పట్టీ రాసేటప్పుడు ఈ మూడు పేర్లూ చేర్చండి. ఎక్కడ దొరుకుతాయో సభ అయ్యాక చెప్తాను, కాగితం పెన్ను ఉంచుకోండి.