జేబు నిండా డబ్బు, చేతిలో కూపన్

అందరికీ నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధం గురించి మాట్లాడమంటే చాలామంది ట్యాంకుల దగ్గర మొదలుపెడతారు. నేను టైర్ల దగ్గర మొదలుపెడతాను.

1942 తొలి నెలల్లో జపాన్ మలయాను, డచ్ ఈస్టిండీస్‌ను ఆక్రమించింది. అమెరికా వాడే సహజ రబ్బరులో దాదాపు 90 శాతం అటువైపు నుంచే వచ్చేది. అందుకే ఆ యుద్ధంలో అమెరికన్లకు మొట్టమొదట రేషన్ పెట్టింది పంచదారకు కాదు, టైర్లకు. పెట్రోలు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. తూర్పు తీరంలో తప్ప అక్కడ పెట్రోలుకు పెద్దగా కరువు లేదు. అయినా 1942 డిసెంబరు నుంచి దేశమంతా కూపన్ ఉంటేనే పోశారు. బండి బయటికి తీయకపోతే టైరు అరగదు కదా, అదీ లెక్క! గంటకు 35 మైళ్లు దాటొద్దన్న నిబంధన కూడా టైరు కోసమే. అదే ఏడాది జూన్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పిలుపునిస్తే జనం పాత రబ్బరు పైపులు, చిరిగిన రెయిన్‌కోట్లు, అరిగిన బూట్లు పట్టుకుని పెట్రోలు బంకులకు వెళ్లారు. పౌండుకు ఒక సెంటు చొప్పున ఇచ్చారు.

డబ్బుకు మాత్రం అప్పుడు కొదవ లేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. 1940లో అమెరికాలో నిరుద్యోగం 14 శాతం పైమాటే. 1944కి అది ఒకటిన్నర శాతం లోపుకి వచ్చేసింది. ఫ్యాక్టరీల్లో ఓవర్‌టైమ్, ఇంట్లో ఆడవాళ్లకు కూడా జీతం. కానీ ఆ జీతంతో కొనడానికి ఏముంది? 1942 ఫిబ్రవరిలోనే మామూలు కార్ల తయారీ ఆపేశారు. ఫోర్డ్ వాళ్ల విల్లో రన్ ఫ్యాక్టరీ మంచి ఊపు మీద ఉన్నప్పుడు గంటకో బాంబర్ విమానాన్ని బయటికి పంపింది. బాంబర్ చేసినవాడికి జీతం వస్తుంది గానీ, ఆ బాంబర్ ఏ షాపులోకీ రాదు కదా. జేబులు నిండుతాయి, అలమరాలు ఖాళీ అవుతాయి. ఇలాంటప్పుడు ఎవరూ పట్టించుకోకపోతే ధరలు చుక్కలనంటుతాయి.

మరి ఆ డబ్బును ఏం చేయాలి? పన్నులు వేశారు, బాండ్లు అమ్మారు. ఆదాయపు పన్నును జీతంలోంచే పట్టుకునే పద్ధతి అమెరికాలో 1943లో, బ్రిటన్‌లో 1944లో వచ్చింది. యుద్ధం అయిపోయింది గానీ ఆ కోత ఆగలేదు, మీకు తెలిసిందే. బ్రిటన్‌లో అయితే ఆర్థికవేత్త కీన్స్ ఇంకో ఉపాయం చెప్పాడు: జీతంలో కొంత ఇప్పుడు తీసుకుని, యుద్ధం అయ్యాక తిరిగిద్దాం అని. 1941లో కొంతమేరకు అమలు చేశారు. ఆ బాకీ పూర్తిగా తీరేసరికి 1970లు వచ్చాయి. అప్పటికి ఆ డబ్బుతో ఏం కొనుక్కున్నారో ఊహించుకోండి!

ఇక తిండి. సరుకు తక్కువైనప్పుడు ఎవరికి దక్కాలో ఏదో ఒకటి తేల్చాల్సిందే, ధరో, కూపనో. బ్రిటన్ కూపన్ వైపు వెళ్లింది. 1940 జనవరి 8న బేకన్, వెన్న, పంచదారతో మొదలైంది. వెన్న మనిషికి వారానికి నాలుగు ఔన్సులు, అంటే వంద గ్రాముల పైచిలుకు. 1941 జూన్ నుంచి బట్టలకూ కూపన్లే. గర్భిణులకు, ఐదేళ్లలోపు పిల్లలకు చవగ్గా, బొత్తిగా లేనివాళ్లకు ఉచితంగా పాలు ఇచ్చారు. బాంబులు పడుతున్న దేశంలో యుద్ధం చివరికి వచ్చేసరికి శిశుమరణాల రేటు యుద్ధానికి ముందుకంటే తగ్గింది. నాకు ఇది ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అదే యుద్ధం, అదే ప్రభుత్వం కింద ఉన్న బెంగాల్‌కు రండి. 1942లో బర్మా జపాన్ చేతికి పోయింది, దాంతో బియ్యం దిగుమతి ఆగింది. జపాన్ వాళ్ల చేతికి చిక్కకూడదని తీరప్రాంతంలో పడవలు లాక్కున్నారు. పడవ పోతే చేపలు పట్టేవాడికి పని లేదు, ధాన్యం కదలదు. అక్టోబరులో మిడ్నపూర్ మీద తుపాను విరుచుకుపడింది. ఇంకోవైపు సైన్యం ఖర్చు కోసం, బ్రిటన్ ఇండియాకు ఇవ్వాల్సిన బాకీగా లండన్‌లో రాసుకుని, ఇక్కడ రూపాయి నోట్లు అచ్చేశారు. బియ్యం ధర కూలివాడికి అందకుండా పోయింది. కలకత్తాలో యుద్ధానికి కావలసిన ఫ్యాక్టరీల కార్మికులకు మాత్రం యాజమాన్యాల ద్వారా చవక బియ్యం అందింది. పల్లెల్లో వ్యవసాయ కూలీలు, జాలర్లు బజారు ధరకు వదిలేయబడ్డారు. 1943 కరువులో చచ్చిపోయినవాళ్లు 15 లక్షలని విచారణ కమిషన్ అంది. 30 లక్షల దాకా అని తర్వాతి పరిశోధకులు లెక్కగట్టారు. కరువంటే బియ్యం లేకపోవడమే కాదు, బియ్యం కొనే శక్తి లేకపోవడం కూడా అని అమర్త్యసేన్ వాదించింది ఈ బెంగాల్‌ను చూపించే. కలకత్తాలో రేషన్ మొదలైంది 1944 జనవరి ఆఖరున. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

బ్రిటన్‌లో ఆ కూపన్లు ఎప్పుడు పోయాయో చెప్పి ఆపుతాను. యుద్ధం జరిగినన్నాళ్లూ రేషన్ లేని బ్రెడ్‌కు, యుద్ధం గెలిచిన మరుసటి ఏడాది, 1946 జూలైలో రేషన్ పెట్టారు. ఓడిపోయిన జర్మనీలో తమ చేతి కింద ఉన్న జనానికీ తిండి పెట్టాల్సి వచ్చింది మరి. చిట్టచివరిగా మాంసం మీద ఆంక్షలు ఎత్తేసింది 1954 జూలై 4న. మొదటి కూపన్ చింపిన వారంలో పుట్టిన పిల్లవాడికి అప్పటికి పద్నాలుగేళ్లు.